దరఖాస్తుదారు ఎవరు? హెచ్‌1బీ నుంచి కెనడా పీఆర్ దాకా నా అనుభవం

అమెరికాలో ఉన్నన్నాళ్లూ నా భవిష్యత్తును తేల్చిన కాగితాల్లో ఒక్కదానిలోనూ దరఖాస్తుదారు నేను కాదు. తాత్కాలిక వర్క్ వీసా అయిన హెచ్‌1బీ కోసం ఐ-129 ఫారం పెట్టింది కంపెనీ. గ్రీన్ కార్డు దారిలో మొదటి మెట్టయిన పెర్మ్ దరఖాస్తును కార్మిక శాఖకు పంపింది కంపెనీ. దాని తర్వాత గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-140 అర్జీ కూడా కంపెనీదే. లాయరూ కంపెనీ మనిషే. ఫైలు నకలు అడిగితే, కంపెనీ ఒప్పుకుంటేనే ఇస్తామన్నారు. ఆ ఫైలులో ఉన్నవేమో నా డిగ్రీలు, నా జీతం చీటీలు, నా పెళ్లి సర్టిఫికెట్టు. కెనడా శాశ్వత నివాసానికి, అంటే పీఆర్‌కు, అర్జీ పెట్టుకున్నప్పుడు మాత్రం మొదటి పేజీలోనే ప్రధాన దరఖాస్తుదారుగా నా పేరు నేనే టైపు చేసుకున్నాను.

తాత్కాలిక వర్క్ వీసాకూ పీఆర్‌కూ తేడా ఏమిటని అడిగేవారు ఎక్కువగా ఏళ్ల లెక్క అడుగుతారు. ఇది మూడేళ్లా, ఆరేళ్లా, అది జీవితాంతమా అని. రెండింటిలోనూ బతికాక నాకు ఏళ్ల లెక్క చిన్న సంగతిగానే కనిపిస్తోంది. ఉద్యోగం పోయిన మర్నాడు ఆ దేశంలో మనకు ఏం మిగులుతుంది, మనం అటు ఇటు కదలాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నవి చూసుకోవాలి.

2012లో ఎంఎస్ చదవడానికి టెక్సాస్ వెళ్లాను. చదువు ముగిశాక విద్యార్థులకు ఇచ్చే పని అనుమతి, ఓపీటీ, మీద న్యూజెర్సీలో ఒక కన్సల్టింగ్ కంపెనీలో చేరాను. 2015 ఏప్రిల్‌లో హెచ్‌1బీ లాటరీ. ఏటా ఇచ్చేవి 85 వేలు: అందరికీ కలిపి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20 వేలు. ఆ ఏడాది వచ్చిన అర్జీలు దాదాపు 2 లక్షల 33 వేలు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకునే పద్ధతి 2020లో వచ్చింది. మా రోజుల్లో కంపెనీ పూర్తి ఫైలు కట్టి పంపేది, లాటరీలో తగలకపోతే ఆ కట్ట అలాగే తిరిగొచ్చేది. నాది తగిలింది. అమ్మ చిలుకూరు వెళ్లి 108 ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకుంది. అక్కడి పద్ధతి తెలిసిందే కదా, కోరుకునేటప్పుడు 11, తీరాక 108. హెచ్‌1బీ ఒక్కసారితో తీరే కోరిక కాదని పాపం అప్పటికి ఆమెకు తెలియదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగుకు 11, పొడిగింపుకు 11, పెర్మ్‌కు 11, ఐ-140కి 11. అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆ బాధ్యత నాన్న తీసుకున్నారు.

2017 జ్యేష్ఠంలో నా పెళ్లి. ఉన్న కొద్దిపాటి సెలవులోనే పెళ్లి, రిజిస్ట్రేషను, స్టాంపింగు అన్నీ కావాలి. ఇక్కడొక చిక్కుంది. అమెరికాలో ఉండి పనిచేయడానికి కావలసిన అనుమతి వేరు, పాస్‌పోర్టులో అతికించే వీసా వేరు. మొదటిది లోపల ఉన్నంతకాలం చాలు. దేశం దాటి తిరిగి రావాలంటే రెండోది కావాలి. నేను విద్యార్థి వీసా ఎఫ్1 నుంచి హెచ్‌1బీకి అక్కడ ఉండగానే మారాను కాబట్టి నా పాస్‌పోర్టులో ఆ స్టాంపు లేదు. పెళ్లయిన కొద్దిరోజులకే కొత్త దంపతులం పెళ్లి ఆల్బమ్ చంకన పెట్టుకుని కాన్సులేట్‌కు వెళ్లాం. ఆల్బమ్ ఎవరూ తెరవలేదు. క్లయింటు దగ్గర నేను చేసే పనికి రుజువు కావాలంటూ వీసాను ఆపి ఉంచే 221జీ చీటీ చేతికిచ్చారు. కంపెనీ ఆ ఉత్తరం తెప్పించేసరికి నా సెలవు అయిపోయింది, జీతం ఆగింది, ఆషాఢం వచ్చేసింది. కొత్త అల్లుడు ఆషాఢంలో అత్తవారి గడప తొక్కకూడదు, కొత్త కోడలు అత్తగారింట ఉండకూడదు. నేను మా ఊళ్లో, మా ఆవిడ వాళ్ల ఊళ్లో, పాస్‌పోర్టులు కాన్సులేట్‌లో. శాస్త్రం దానంతటదే జరిగిపోయిందని మా నాయనమ్మ మాత్రం సంతోషించింది.

తిరిగి వెళ్లాక పెర్మ్ మొదలైంది. దీనిలో ఒక తమాషా ఉంది. నేను అప్పటికే చేస్తున్న ఉద్యోగానికే కంపెనీ రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేయాలి, రాష్ట్ర ఉపాధి సంస్థ దగ్గర 30 రోజులు ఖాళీగా చూపాలి. అర్హుడైన అమెరికన్ ఎవరూ దొరకలేదని తేలితేనే నా ఫైలు ముందుకు కదులుతుంది. నా కుర్చీలో నేను కూర్చుని ఉండగా నా కుర్చీకి వచ్చిన అర్జీలు పక్క గదిలో చదువుతుంటారు. ఎవరూ దొరకలేదు. పెర్మ్ దాఖలైన రోజే నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు వరుసలో నా చోటును తేల్చే తేదీ. ఆ తేదీ 2017లో పడింది. 2018లో ఐ-140 ఆమోదం పొందింది.

ఇంట్లో పండగే. కానీ వరుస ఏ తేదీ దాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ చూస్తే, మాస్టర్స్ స్థాయి ఉద్యోగాల తరగతి అయిన ఈబీ-2లో భారతీయుల వరుస అప్పుడు 2009 ప్రాంతపు తేదీల దగ్గర ఉంది. ఉద్యోగం ఆధారంగా ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1 లక్ష 40 వేలు, అందులోనే భార్యాపిల్లల లెక్కా ఉంటుంది. ఏ దేశంలో పుట్టినవారికైనా మొత్తంలో 7 శాతానికి మించకూడదు. నూట నలభై కోట్ల దేశానికీ ఆ 7 శాతమే, ఐస్‌లాండ్‌కూ ఆ 7 శాతమే. నా తర్వాత చేరిన నేపాల్ సహోద్యోగికి గ్రీన్ కార్డు నా కళ్ల ముందే వచ్చింది. చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. మా స్నేహితుల్లో ఒకడి భార్య కువైట్‌లో పుట్టింది. వాళ్ల నాన్న అక్కడ డ్రైవరుగా పనిచేసేవారు. భార్య పుట్టిన దేశం లెక్కలో భర్తకూ చోటిస్తారు కాబట్టి వాడు మా వరుసలో నిలబడనే లేదు. పెళ్లిచూపుల్లో జాతకంతో పాటు పుట్టిన ఊరు కూడా చూసుకోవాల్సిందని మేమంతా వాడి మీద అసూయపడ్డాం.

వరుస కదలకపోయినా ఐ-140 వల్ల లాభాలున్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. మామూలుగా ఆరేళ్లతో ముగిసే హెచ్‌1బీని 2000 నాటి చట్టం పుణ్యాన మూడేసి ఏళ్లు పొడిగించుకుంటూ పోవచ్చు. ఆమోదం వచ్చి 180 రోజులు దాటాక కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మన తేదీ పోదు. 2015 నుంచి, హెచ్‌1బీ వారి కుటుంబానికిచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్న భార్యకో భర్తకో పనిచేసే అనుమతి, ఈఏడీ, దీని ఆధారంగానే ఇస్తున్నారు. మా ఆవిడ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. అమెరికాలో అడుగుపెట్టాక ఏడాదికి పైగా ఆమె చేయగలిగింది లైబ్రరీలో స్వచ్ఛంద సేవ మాత్రమే. ఈఏడీ చేతికొచ్చిన నాటికే ఆ నియమాన్ని రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించి ఉంది. చివరికి రద్దు చేయలేదు. కానీ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆమె ఏ ప్రాజెక్టు గురించి మాట్లాడినా చివర "ఉంటే" అని చేర్చేది.

నాకు అంతకన్నా ఇబ్బంది పెట్టింది ఉద్యోగంలో కదలలేకపోవడం. పెర్మ్ ఒక ఫలానా పనికి, ఫలానా చోటికి ఇస్తారు. నాకు డేటా వైపు మారాలని కోరిక, అవకాశమూ వచ్చింది. కంపెనీ మారితే కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ మొదటి నుంచి చేయాలి. పాత తేదీ నిలుస్తుంది, నిజమే. కానీ ఆ కొత్త ఫైలు తేలేదాకా అక్కడ నోరు మెదపకూడదు. ఉన్న కంపెనీలోనే పదోన్నతి అడిగితే, హోదా మారితే ఫైలుకు ఇబ్బందేమో కనుక్కుంటామన్నారు. ఆ కనుక్కోవడం ఇప్పటికీ పూర్తయినట్టు లేదు.

2018లో పొడిగింపుకు పెట్టినప్పుడు అదనపు రుజువులు అడుగుతూ ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది. గడువులోపు దాఖలు చేస్తే తేలేదాకా 240 రోజులు పనిచేయవచ్చు. పని వరకు ధీమాగానే ఉన్నాను. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం దేశంలో ఉండే గడువు రాసిన నా ఐ-94 పత్రం తేదీతోనే ముగిసింది. రసీదు చూపిస్తే కౌంటరులో ఒకరు సరిపోతుందంటారు, ఇంకొకరు చాలదంటారు. మా ఆవిడకు అప్పుడు ఎనిమిదో నెల. కొన్ని వారాల పాటు మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చింది మా కింది వాటాలో ఉన్న గుజరాతీ పెద్దాయన. పాప న్యూజెర్సీలో పుట్టింది. పుట్టగానే అమెరికా పౌరురాలు. ఇంట్లో కాగితాల భయం లేనిది ఆమె ఒక్కతే.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ గురించి చెప్పింది టొరంటోలో ఉన్న కాలేజీ మిత్రుడు. 2015 జనవరిలో పీఆర్ కోసం కెనడా మొదలుపెట్టిన ఎంపిక పద్ధతి ఇది. ముందు అర్హత పరీక్షలో 100కు 67 రావాలి. ఆ తర్వాత వయసు, చదువు, భాష, అనుభవం కలిపి 1200కు సీఆర్‌ఎస్ స్కోరు లెక్కగడతారు. డ్రా తీసిన రోజు కటాఫ్‌కు పైనున్నవారికి ఆహ్వానం వస్తుంది. ఎవరికి ఎంత వచ్చిందో, ఎందుకు వచ్చిందో ముందే లెక్క వేసుకోవచ్చు. లాటరీ, వరుస తప్ప ఇంకేదీ ఎరుగని నాకు ఇది ఎంసెట్ కాలానికి తిరిగి వెళ్లినట్టు అనిపించింది. పుట్టిన దేశానికి ఇందులో మార్కుల్లేవు, కోతల్లేవు.

అప్పుడు, 2019లో, నా వయసు 31. భార్యతో కలిసి దరఖాస్తు చేసేవారికి 29 ఏళ్ల దాకా వయసుకు 100 పాయింట్లు, అక్కడి నుంచి ఏడాదికి 5 చొప్పున తగ్గుతాయి. నాకు 90. మాస్టర్స్‌కు 126. మా ఆవిడ డిగ్రీకి 8, ఆమె ఇంగ్లిషుకు 20. మిగతాదంతా నా ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్ష మీద ఆధారపడింది. అందరూ గురిపెట్టేది కెనడా భాషా కొలమానంలో సీఎల్‌బీ 9కి: వినడంలో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున. నాకు రాయడంలో 6.5 వచ్చింది. అర మార్కే కదా అనుకోవద్దు. ఆ అర మార్కుతో రాతలో 7 పాయింట్లు పోతాయి. దాంతో పాటు చదువు, అనుభవాలను భాషతో కలిపి ఇచ్చే 100లో 50 పోతాయి. మొత్తం 57. 460 ఉండాల్సిన స్కోరు 403. ఆ ఏడాది కటాఫ్‌లు ఎక్కువగా 450కీ 475కీ మధ్య తిరుగుతున్నాయి. ఏళ్ల తరబడి ఇంగ్లిషులోనే ఈమెయిళ్లు, డిజైను పత్రాలు రాసి పొట్టపోసుకుంటున్నవాడికి ఇంగ్లిషు రాతలో తక్కువ రావడం మా ఆవిడకు చాలా రోజులు నవ్వులాట. ఆమెకు మొదటిసారే అన్నిట్లో 7.5కు పైగా వచ్చాయి. రెండోసారికి వ్యాసం ఎలా రాయాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాను: ముందు నీ అభిప్రాయమేమిటో చెప్పు, తర్వాత ఎందుకో చెప్పు, తెలివితేటలు చూపించకు. 7.5 వచ్చింది.

ఆమె డిగ్రీకి వచ్చే ఆ 8 పాయింట్ల కథ వేరు. విదేశీ డిగ్రీని కెనడా డిగ్రీతో సరితూచే ఈసీఏ కావాలి. దానికి విశ్వవిద్యాలయమే మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు కవరులో పెట్టి, అంటించిన చోట సంతకం చేసి, సీలు వేసి పంపాలి. అధికార పత్రం రాసిస్తే మామయ్యగారు వెళ్లారు. చలానా ఒక కిటికీలో, రసీదు ఇంకో కిటికీలో, సంతకం చేయాల్సిన అధికారి సెలవులో. కవరు చేతికొచ్చాక చూస్తే సీలు కవరు మధ్యలో వేశారు, అంటించిన చోట వేయలేదు. మళ్లీ వెళ్లారు. మూడు దశాబ్దాలు హైస్కూలులో లెక్కలు చెప్పిన మనిషి. ఫోనులో ఆయన అన్న మాట: "బాబూ, ఎనిమిది మార్కులకే ఇంత ఉంటే ఫస్టు క్లాసుకు ఎంత తిరగాలి?" ఆ 8 లేకపోయినా మాకు ఆహ్వానం వచ్చేదేమో. కానీ డ్రాకు ముందు రాత్రి ఆ మాట ఎవరూ అనుకోరు.

ఆహ్వానం ఆ వేసవిలో వచ్చింది. అక్కడి నుంచి 60 రోజుల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. గత పదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నామో నెలతో సహా రాయాలి, ఆరు నెలలకు మించి ఉన్న ప్రతి దేశం నుంచి పోలీసు సర్టిఫికెట్టు తేవాలి. భారత్‌ది కాన్సులేట్ ద్వారా, అమెరికాది వేలిముద్రలు పంపి ఎఫ్‌బీఐ నుంచి. వైద్య పరీక్ష వాళ్లు చెప్పిన డాక్టరు దగ్గరే. ఫీజులు అప్పట్లో పెద్దవారికి తలా 1,040 కెనడా డాలర్లు, పాపకు 150, వేలిముద్రలకు వేరు. ముగ్గురి కుటుంబానికి దాదాపు 19 వేల డాలర్లు మా సొంత సొమ్ముగా బ్యాంకులో చూపించాలి.

చిక్కు వచ్చింది అనుభవం ఉత్తరం దగ్గర. కెనడా అడిగే ఉత్తరంలో హోదా, జీతం, వారానికి పనిగంటలు, చేసే పనుల వివరం అన్నీ ఉండాలి. మా కంపెనీ చేరిన తేదీ తప్ప ఇంకేదీ రాసివ్వదు. గట్టిగా అడిగితే ఎందుకని ఆరా తీస్తారు. వెళ్లిపోయే మనిషని తెలిస్తే హెచ్‌1బీ మీద ఉన్నవాడికి మంచిది కాదు. చివరికి నాతో పనిచేసి వేరే కంపెనీకి వెళ్లిన టీమ్ లీడు నా పనుల వివరాలతో నోటరీ ముందు ప్రమాణపత్రం రాసిచ్చాడు. దానికి జీతం చీటీలు, ఏడాది జీతం, పన్ను లెక్క చూపే డబ్ల్యూ-2లు, కంపెనీ ఇచ్చిన ఆ ఒక్క వాక్యపు ఉత్తరం జతచేసి, ఎందుకు ఇలా చేయాల్సి వచ్చిందో వివరిస్తూ ఒక లేఖ పెట్టాను. దరఖాస్తుదారు నేనే అని మురిసిపోయిన చోట కూడా కంపెనీ తలుపు తట్టక తప్పలేదన్నమాట. అయితే ఈసారి తలుపు తెరుచుకోకపోతే ఇంకో దారి ఉంది.

ఆరు నెలల్లో తేలుస్తామని కెనడా చెప్పింది, దాదాపు అలాగే తేల్చింది. 2020 జనవరిలో కారులో బఫెలో దాకా వెళ్లి పీస్ బ్రిడ్జి దాటి ఫోర్ట్ ఈరీలో దిగాం. పీఆర్‌గా మొదటిసారి అడుగుపెట్టే, ల్యాండింగు అనే ఈ తతంగం నేను భయపడినంత లేదు. అధికారి ముఖ్యంగా అడిగింది నగల జాబితా. మొదటిసారి దిగినప్పుడే వెంట తెచ్చినవీ, తర్వాత తెచ్చుకోబోయేవీ రాసివ్వాలి, లేకపోతే తర్వాత సుంకం కట్టాల్సి రావచ్చు. మా ఆవిడ నల్లపూసల దగ్గర నుంచి పాప మురుగుల దాకా ఫొటోలతో సహా పేజీల కొద్దీ తయారుచేసింది. ఆయన ఓపికగా తిరగేసి స్టాంపు వేశాడు. మర్నాడు సామాజిక బీమా సంఖ్య తీసుకున్నాం. పీఆర్ కార్డు కెనడా చిరునామాకే పంపుతారు కాబట్టి మిసిసాగాలో మిత్రుడి చిరునామా ఇచ్చి తిరిగి న్యూజెర్సీ వచ్చేశాం. పీఆర్ నిలబెట్టుకోవాలంటే ప్రతి ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి. అంటే మూడేళ్ల వెసులుబాటు ఉంది. గ్రీన్ కార్డు వరుస ఎలా కదులుతుందో చూస్తూ, అమెరికా జీతం తీసుకుంటూ, తీరిగ్గా వెళ్దాం అనుకున్నాం.

మార్చిలో కరోనా వచ్చింది. వేసవికల్లా క్లయింటు ప్రాజెక్టు ఆపేశాడు, కంపెనీ నన్నూ ఇంకొందరినీ తీసేసింది. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంటుంది, అదైనా 2017 జనవరి నుంచే. ఆలోపు మరో కంపెనీ మన తరఫున అర్జీ పెట్టాలి, లేదా వీసా తరగతి మార్చుకోవాలి, లేదా దేశం విడవాలి. నాతో పాటు ఉద్యోగం పోయిన ఒకతను ఇల్లు కొని ఏడాది కాలేదు, భారత్‌కు మామూలు విమానాలు లేవు. రోజుకు ఎంతమంది వెండర్లతో, అంటే ప్రాజెక్టులు ఇప్పించే మధ్యవర్తులతో, మాట్లాడేవాడో. సగం జీతానికి ఒప్పుకున్నాడు, మారిన కంపెనీ చేసిన మొదటి పని అతని బిల్లింగులో ఎక్కువ వాటా తనకు రాసుకోవడం. నేను అదే వారంలో సామాన్ల లారీ మాట్లాడుకున్నాను. సరిహద్దు మూసి ఉన్నా పీఆర్ ఉన్నవారిని రానిచ్చారు, 14 రోజులు ఇంట్లోనే ఉండాలన్న నియమంతో. మా పీఆర్ నాలుగు నెలలు ఆలస్యమై ఉంటే మా కథ వేరుగా ఉండేది. మార్చి 18 తర్వాత పీఆర్ ఖరారు పత్రం అందుకున్నవారు చాలామంది 2021 జూన్ దాకా సరిహద్దు బయటే ఉండిపోయారు.

కెనడాలో డబ్బు తక్కువ. ఇది దాచడంలో అర్థం లేదు. అదే పనికి నా జీతం మూడో వంతు తగ్గింది. టొరంటో చుట్టుపక్కల ఇళ్ల ధరలు న్యూజెర్సీవాడు కూడా నోరు తెరిచేలా ఉన్నాయి. మొదటి నెలల్లో ఇంటర్వ్యూ చేసినవారు నా అమెరికా అనుభవం అంతా విని, కెనడా అనుభవం ఉందా అని అడిగేవారు. ఫ్యామిలీ డాక్టరు దొరకడానికి చాలాకాలం పట్టింది. అయితే ఆరోగ్య బీమా కార్డుకు ఒంటారియోలో అంతకుముందున్న మూడు నెలల ఎదురుచూపు కరోనా వల్ల ఎత్తేశారు, వచ్చిన కొద్దిరోజులకే అందింది.

ఆ కోత భరించడానికి కారణం మిగతాదంతా. ఏడాది తిరగకుండానే ఉద్యోగం మారాను, డేటా వైపు, నేను కోరుకున్న పనికి. ఏ ప్రభుత్వ శాఖకూ చెప్పలేదు, ఏ లాయరునూ అడగలేదు. రాజీనామా రాసి పంపాక అలవాటు కొద్దీ కొన్నాళ్లు ఎవరో ఫోను చేస్తారని ఎదురుచూశాను. మా ఆవిడ ఉద్యోగం మానేసి స్థానిక విద్యార్థుల ఫీజుతోనే కాలేజీలో చేరి వేరే కోర్సు చేసింది. హెచ్‌4 మీద ఉండగా ఉద్యోగం దొరకడమే వరం, మానేయడం అనే మాటకు చోటు లేదు. అది ఆమెకు దొరికిన కొత్త హక్కు.

పీఆర్ అంటే కదలని బండరాయి అని కూడా అనుకోకండి. 730 రోజులు చూపించలేకపోతే పోతుంది, తీవ్రమైన నేరానికి శిక్ష పడితే పోతుంది. ఓటు లేదు. పీఆర్ వచ్చిన నెలలోనే వెనక్కి వెళ్లి భారత్‌లో స్థిరపడి, ఐదో ఏట కార్డు పునరుద్ధరణకు వచ్చి లబలబలాడినవారిని చూశాను.

కెనడాలోనూ తాత్కాలికంగా ఉన్నవారి బతుకు నేను అమెరికాలో అనుభవించినదే, కొన్నిసార్లు అంతకన్నా హీనం. మా వీధిలో బేస్‌మెంటులో అద్దెకుండే ఒక కుర్రాడు గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చాడు. చదువయ్యాక వచ్చిన వర్క్ పర్మిట్టు పొడిగింపు లేనిది. అది ముగిసేలోగా పీఆర్ రావాలి. యజమాని పేరుతో ముడిపడిన పర్మిట్టు ఇప్పిస్తాం, పాయింట్లూ కలుస్తాయి అంటూ పెద్ద మొత్తం అడిగిన దళారులు అతనికి తగిలారు. ఆ వ్యాపారం పెరిగిపోవడంతో 2025 మార్చిలో ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే పాయింట్లను ప్రభుత్వం తీసేసింది. అతని సామాజిక బీమా సంఖ్య 9తో మొదలవుతుంది. తాత్కాలికంగా ఉన్నవారందరిదీ అంతే. ఇంటి కోసం వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా ఆ మొదటి అంకె చూడగానే ఎదుటివారు పర్మిట్టు గడువు ఎప్పటిదాకా అని అడుగుతారు.

2023 జూలై 16న కెనడా హెచ్‌1బీ వారికోసం 10 వేల ఓపెన్ వర్క్ పర్మిట్లకు అర్జీలు తీసుకోవడం మొదలుపెడితే రెండు రోజుల్లోపే నిండిపోయాయి. ఆ రెండు రోజులూ నా ఫోను మోగుతూనే ఉంది. ఏ కంపెనీలోనైనా పనిచేయవచ్చు, అది నిజంగా మేలే. కానీ గరిష్ఠంగా మూడేళ్లు. పీఆర్‌కు మళ్లీ అందరితో పాటు స్కోరు తెచ్చుకోవాలి. 2024లో సాధారణ డ్రాల్లో కటాఫ్ 520 దాటింది. 2019లో నా దగ్గరున్న స్కోరుతో ఈరోజు ఆ గుమ్మం దగ్గరకు కూడా రాలేను. ఏటా ఇచ్చే పీఆర్‌ల లక్ష్యాన్నీ 2025కు 3 లక్షల 95 వేలకు తగ్గించారు. అందుకే నలభై దగ్గర పడుతున్నవారు అడిగితే పర్మిట్టు మాట తర్వాత, ముందు స్కోరు లెక్క వేసుకోండి అంటున్నాను. నలభై ఏళ్లకు వయసు పాయింట్లు 45 మాత్రమే. ఫ్రెంచి వచ్చినవారి దారి వేరు, వారికి విడిగా డ్రాలున్నాయి.

పిల్లలున్నవారికి ఇంకో మాట. అమెరికాలో హెచ్‌4 మీద వచ్చిన బిడ్డకు 21 దాటితే తల్లిదండ్రుల వరుసలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. మా పాత అపార్ట్‌మెంటులో ఒక అమ్మాయి నడక నేర్చుకునే వయసులో వచ్చి, అక్కడే బడి, కాలేజీ చదివి, చివరికి విదేశీ విద్యార్థి వీసా తీసుకుంది. కెనడా పీఆర్‌లో 22 లోపు పిల్లలను చేర్చవచ్చు, దరఖాస్తు వేసిన రోజున ఉన్న వయసే లెక్క.

అమెరికా మీద నాకు కోపం లేదు. నాకు చదువు, పని నేర్పింది అదే. 2025 సెప్టెంబరులో బయటి నుంచి వచ్చే కొత్త హెచ్‌1బీ అర్జీలకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు, అది ఇప్పటికే ఉన్నవారికి వర్తించదని స్పష్టత వచ్చేలోపు సెలవు మధ్యలో ఆపుకుని పరుగున తిరిగి వెళ్లిన మిత్రులున్నారు. వాళ్లు నన్ను అదృష్టవంతుడివి అన్నారు. జీతాలు చెప్పుకునేటప్పుడు ఆ మాట అనరు. నా 2017 ప్రయారిటీ డేట్ ఇంకా బతికే ఉంది. 2025 చివరికి భారతీయుల ఈబీ-2 వరుస 2013లో ఉంది.

ఇక మిగిలింది పౌరసత్వం. ఐదేళ్లలో 1,095 రోజులు ఉంటే అడగవచ్చు. మా ఆవిడ అడిగింది, ప్రమాణం చేసింది, విదేశీ పౌరులైన భారత మూలాలవారికి భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంది. నేను ఇంకా అడగలేదు. భారత పాస్‌పోర్టు ఉంటే ఊళ్లో పొలం కొనుక్కోవచ్చని నాన్నగారి ఆశ. అది అపోహే, విదేశాల్లో ఉండే భారతీయులు కూడా సాగుభూమి కొనకూడదు, వారసత్వంగా పొందవచ్చు. చెప్పాను. అయినా ఆగమన్నారు. పోయిన ఏడాది పీఆర్ కార్డు పునరుద్ధరించుకున్నాను, కొత్తది ఐదేళ్ల దాకా పనిచేస్తుంది. ఆలోపు తేల్చుకుంటాను.